అభిప్రాయాలతో సహా అమ్మబడును

జార్జియా రాష్ట్రం, కమ్మింగ్ పట్టణంలో నివసిస్తున్న రఘువీర్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు 2008 మార్చి వరకు ఏ విషయం మీదా ఎలాంటి అభిప్రాయమూ లేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది.

ఇది నింద కాదు, యోగ్యతాపత్రం. హెచ్-1బి వీసా మీద ఉన్న మనిషికి అభిప్రాయాలు ఉండి తీరాలని అమెరికా చట్టంలో ఎక్కడా లేదు. ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర దొరలు దేవుడి గురించి, ఎన్నికల గురించి, గిటారు వాయించేవాళ్ళ గురించి గొంతులు పెంచుకుంటుంటే, రఘువీర్ డబ్బాలో పెరుగన్నం కలుపుకుంటూ "దట్స్ ఇంట్రెస్టింగ్" అనేవాడు. యుద్ధమైనా అదే మాట, తుపాకుల చట్టమైనా అదే మాట, కొత్తగా విడుదలైన పాటల సీడీ అయినా అదే మాట. నాలుగేళ్ళలో ఆ ఒక్క వాక్యంతో రెండు ఇంక్రిమెంట్లు సంపాదించాడు.

మార్చిలో అతను ఒక పాత కారు కొన్నాడు. అభిప్రాయాలు దానితోపాటు వచ్చాయి.

కొనడానికి పరంధామయ్యగారు వెంట వెళ్ళారు. కమ్మింగ్‌లో తెలుగువాడు ఆయన లేకుండా పాత కారు కొనడం పురోహితుడు లేకుండా పెళ్ళి చేసుకోవడం లాంటిది. జరగొచ్చు గానీ ఎవరూ గుర్తించరు. ఆయన టైర్లను కాలితో తన్ని, ఆయిల్ వాసన చూసి, చివరికి అమ్మేవాడి ముఖం చూసి ధర చెబుతారు. ఆ రోజు అమ్మేవాడు ఫ్లారిడాకు మకాం మారుస్తున్న ఒక ముసలి ట్రక్కు డ్రైవరు. ఇంజిన్ బాగుంది. ఏసీ బాగుంది. వెనక బంపర్ మీద మాత్రం మూడు అలంకారాలున్నాయి: ఒక ఎర్ర ఏనుగు, ఒక వెండిరంగు చేప, టోపీ పెట్టుకున్న గిటారు బొమ్మతో ఒక రేడియో స్టేషన్ ప్రకటన.

"ఇవి పీకేద్దామా అంకుల్?" అన్నాడు రఘువీర్.

"పీకితే కింద పెయింట్ లేస్తుంది. పెయింట్ లేస్తే రీసేల్ పోతుంది," అన్నారు పరంధామయ్యగారు. "అయినా నీకేంటయ్యా నష్టం? నువ్వు ముందు కూర్చుంటావు. అవి వెనక ఉంటాయి."

ఆ తర్కానికి తిరుగులేదు. మర్నాడు గుడి ముందు కారు పూజ జరిగింది. పూజారిగారు చేపకు పసుపు రాసి కుంకుమ పెట్టారు. ఏనుగు కనబడగానే వినాయకుడి శ్లోకం ఒకటి అదనంగా చదివారు. గిటారు మీద అక్షింతలు వేశారు. ఆ విధంగా ఏనుగు గుర్తున్న రాజకీయ పార్టీకి, క్రీస్తు మతానికి, అమెరికా పల్లెపాటలకు హిందూ శాస్త్రోక్తంగా ప్రారంభోత్సవం జరిగింది.

సోమవారం ఆఫీసు పార్కింగ్‌లో రఘువీర్ మేనేజరు వేన్ ఆ కారు వెనక ఆగిపోయాడు. వేన్ తన చర్చిలో పెద్ద, ఏనుగు పార్టీ స్థానిక శాఖలో ముఖ్యుడు. నాలుగేళ్ళుగా రఘువీర్ పేరును "రగ్" దాకా పలికి, మిగతాది వచ్చే ఏడాది చూసుకుందామన్నట్టు వదిలేస్తున్నవాడు. ఇప్పుడు తలమీది టోపీ తీశాడు. (సంభాషణ ఇంగ్లీషులోనే జరిగింది. పాఠకుల సౌకర్యార్థం తెలుగులో ఇవ్వడమైనది.)

"బ్రదర్," అన్నాడు. "నాలుగేళ్ళు నా పక్క సీట్లో కూర్చున్నావు. ఒక్కసారి బయటపడలేదు. నేనేమో నా నమ్మకాల గురించి రోజూ వాగుతున్నాను. వినయమంటే ఏమిటో ఇవాళ తెలిసింది."

"దట్స్ ఇంట్రెస్టింగ్," అన్నాడు రఘువీర్.

"చూశావా, మళ్ళీ వినయం."

ఆ వారమే అతనికి కిటికీ పక్క సీటు వచ్చింది. ఏప్రిల్‌లో టీమ్ లీడ్ అయ్యాడు. మే నెలలో చర్చి విందుకు పిలుపు వచ్చింది. గిటారు బొమ్మ ఉన్న కారులో వచ్చినవాడు పాడకపోతే ఎలాగని అందరూ పట్టుబట్టారు. రఘువీర్‌కు వచ్చింది ఇంజినీరింగ్ హాస్టల్లో శనివారం పూట పాడిన భజన ఒక్కటే. దేవుడి పేరు వచ్చిన చోటల్లా దగ్గాడు. మిగతాది పాడాడు. జనం కళ్ళు మూసుకుని ఊగారు. ఇది తమ కొండప్రాంతంలో తన అమ్మమ్మ పాడిన పాటేనని ఒక వృద్ధురాలు కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఎన్నికలు దగ్గరపడ్డాయి. రఘువీర్‌కు ఈ దేశంలో ఓటు లేదు. అయినా శనివారాలు వేన్‌తో కలిసి ఇంటింటికీ వెళ్ళి ఓటు హక్కును వినియోగించుకోండని పౌరులకు బోధించాడు. ఓటు లేనివాడు ఓటు అడగడంలో ఒక నిస్వార్థం ఉందని పార్టీ కార్యకర్తల సమావేశంలో వేన్ అతన్ని లేపి నిలబెట్టి మరీ మెచ్చుకున్నాడు.

అంతా సజావుగా సాగిపోయేది. కానీ జూన్‌లో అతని భార్య ఉజ్వల కూడా ఒక కారు కొంది.

ఉజ్వల హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలి వచ్చింది. భర్త వీసా మీద వచ్చిన భార్య ఇక్కడ ఉద్యోగం చేయకూడదు. మూడేళ్ళుగా లైబ్రరీలో పుస్తకాలు సర్దే స్వచ్ఛంద సేవకు బస్సు లేని ఊళ్ళో ఎవరో ఒకరి కారు కోసం ఎదురుచూస్తూ వెళ్ళొస్తోంది. రిటైరై వెళ్ళిపోతున్న ఒక కాలేజీ ప్రొఫెసర్ కారు చవకగా దొరికింది. దాని వెనక ఒక నీలం గాడిద, ఒక శాక్సఫోన్, ఒక చేప ఉన్నాయి. ఈ చేపకు కాళ్ళున్నాయి.

రఘువీర్ అది కొత్త మోడల్ చేప అనుకున్నాడు. నిజానికి కాళ్ళు లేని చేప క్రీస్తు భక్తుల గుర్తు. మనిషి నీళ్ళలోని జీవుల నుంచి మెట్టుమెట్టుగా వచ్చాడని వాదించేవాళ్ళు ఆ భక్తులను ఏడిపించడానికి దానికి కాళ్ళు అతికించారు. గాడిద ఎదుటి పార్టీ. శాక్సఫోన్ ఏమో గిటారు వినేవాళ్ళను చూసి జాలిపడేవాళ్ళ వాద్యం. ఇవేవీ తెలియక ఉజ్వల సందేహిస్తుంటే పరంధామయ్యగారు శాస్త్రం చెప్పారు.

"మత్స్యావతారం తర్వాత ఏమొచ్చిందమ్మా? కూర్మం. మరి మధ్యలో కాళ్ళు రావాలా వద్దా? మీ ఆయన చేపా మనదే, ఈ చేపా మనదే. తీసుకో, మైలేజీ బాగుంది."

మూడేళ్ళుగా లైబ్రరీలో పలకరించని ఆడవాళ్ళు ఇప్పుడు ఉజ్వలకు కాఫీ ఇప్పించారు. సిగ్నల్ దగ్గర పక్క కార్లవాళ్ళు బొటనవేలు చూపించారు. ఆమెను పుస్తక చర్చలకు పిలిచారు. రేడియోలో ప్రొఫెసర్ పెట్టి వదిలేసిన స్టేషనే మోగింది. ఆమె మార్చలేదు. అతని కారులో ట్రక్కు డ్రైవర్ పెట్టి వదిలేసిన స్టేషన్ మోగింది. అతనూ మార్చలేదు. పెళ్ళయిన ఆరేళ్ళలో పప్పులో ఉప్పు గురించి తప్ప తగవుపడని దంపతులు ఆగస్టుకల్లా అన్నం ముందు ఇలా మాట్లాడుకుంటున్నారు:

"టాక్సులు తగ్గిస్తేనే కంపెనీలు బతుకుతాయి."

"జీతం వచ్చేవాళ్ళకి చెప్పు రఘూ ఆ మాట. నాకెందుకు?"

"మీ గాడిదవాళ్ళకి పనీపాటా లేదు."

"మీ ఏనుగువాళ్ళు నాకు పని ఇచ్చారా మరి?"

"అసలు చేపకి కాళ్ళేంటి, బుద్ధి లేకపోతే?"

"చర్చిలో దగ్గుకుంటూ భజన చేసేవాడివి, నువ్వు చెప్పు బుద్ధి గురించి."

ఇంటిలో అశాంతి పెరిగినా ఊళ్ళో సౌకర్యం పెరిగింది. తెలుగువాళ్ళు ఆ రెండు కార్లను అవసరాన్నిబట్టి అడిగి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఇంటి లోను ఇచ్చే ఆఫీసరు చర్చికి వెళ్ళే రకమైతే ఏనుగు కారు. పిల్లకు సంగీతం నేర్పే టీచరమ్మ శాంతి ఊరేగింపుల్లో నడిచే రకమైతే గాడిద కారు. శశికాంత్ అనే ఎమ్మెస్ కుర్రాడు ప్రొఫెసర్ ఇంటికి పొరపాటున ఏనుగు కారులో వెళ్ళి రావలసిన కాంపస్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తప్పు అతనిదేనని తెలుగు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. పంద్రాగస్టు వేడుకల్లో పరంధామయ్యగారు మైకు పుచ్చుకున్నారు.

"సోదర సోదరీమణులారా. అమెరికన్‌కి ఒక అభిప్రాయం ఏర్పరచుకోవడానికి జీవితకాలం పడుతోంది. మార్చుకోమంటే ప్రాణాలు తీస్తాడు. మనవాడో, సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్ళి, ఎనిమిదింటికి పెట్రోలు కొట్టించి తిరిగిచ్చేస్తున్నాడు. ఇదండీ తెలుగువాడి మేధస్సు."

చప్పట్లు ఆగలేదు.

వేన్‌కు మాత్రం రెండో కారు సంగతి తెలియకూడదు. ఆయన అటు వచ్చే సూచన ఉన్నప్పుడల్లా రఘువీర్ గాడిద కారును పరంధామయ్యగారి వాకిట్లో పెట్టించి, వెనకభాగం మీద పాత దుప్పటి కప్పేవాడు. దుప్పటి మడత పెట్టేటప్పుడు ఉజ్వల దాన్ని గట్టిగా దులిపేది.

అక్టోబర్ వచ్చింది. బ్యాంకులు వరసగా కూలాయి. కంపెనీ ఒక ఆదేశం జారీ చేసింది: ఈ ఏడాది ప్రతి మేనేజరూ ఒక్కరికే గ్రీన్‌కార్డు సిఫారసు చేయాలి. రఘువీర్‌కు ఆరేళ్ళ వీసాలో ఐదో ఏడు ముగియవస్తోంది. ఈలోగా దరఖాస్తు పడకపోతే మరుసటి ఏడు పెట్టెలు సర్దుకోవాల్సిందే. టీమ్‌లో అదే పరిస్థితిలో ఇంకో ఇద్దరున్నారు. ఇద్దరూ రఘువీర్ కన్నా పని బాగా తెలిసినవాళ్ళు. ఇద్దరివీ కొత్త కార్లు, వెనక ఏమీ లేదు.

"ఆలోచించేదేముంది?" అన్నాడు వేన్. "ఆదివారం చర్చి అయ్యాక మీ ఇంటికొస్తాను. మీ ఆవిడ చేతి కూర తిని, అక్కడే సంతకం పెడతాను."

శనివారం సాయంత్రం రఘువీర్ దుప్పటి తీశాడు.

"పెట్టేసెయ్ లోపల," అంది ఉజ్వల. "రేపు నా కారు ఎక్కడికీ వెళ్ళదు."

"ఒక్క పూట, ఉజ్జూ. మన బతుకు ఆ సంతకం మీద ఉంది."

"తెలుసు. బ్యాంకు అకౌంటు నీది, ఇల్లు నీది, వీసా నీది. నా వీసాలో కూడా నీ పేరే ముందుంది. ఈ దేశంలో నా ఒక్కదాని పేరు మీద ఉన్నది ఆ కారే. దాన్ని ఇంకోసారి దుప్పటి కింద పెట్టను."

"ఆ గాడిదంటే నిజంగా అంత నమ్మకమా నీకు?"

"గాడిద సంగతి నాకు తెలీదు. కారు నాది."

ఆదివారం మధ్యాహ్నం వేన్ ట్రక్కు వచ్చి ఆగేసరికి వాకిట్లో రెండు కార్లూ పక్కపక్కన వీపులు చూపిస్తూ నిలబడి ఉన్నాయి. వేన్ దిగాడు. చంకలో కాగితాల ఫోల్డరు. ఏనుగును చూశాడు. గాడిదను చూశాడు. చేపను చూశాడు. దాని కాళ్ళు చూశాడు.

"రగ్. ఈ కారెవరిది?"

రఘువీర్ నోరు తెరిచాడు.

"నాది," అంది ఉజ్వల.

"నా తమ్ముడు ఇదే గాడిద బొమ్మ తగిలించుకున్నాడు," అన్నాడు వేన్ నెమ్మదిగా. "ఎనిమిదేళ్ళయింది మేం మాట్లాడుకుని. అమ్మ అంత్యక్రియల్లో కూడా చెరో పక్క నిలబడ్డాం. మీరిద్దరూ ఒకే కప్పు కింద ఎలా ఉంటున్నారు?"

ఫోల్డరు ఇంకా చంకలోనే ఉంది. రఘువీర్ దాన్నే చూస్తున్నాడు. ఇంత పెద్ద అబద్ధం అప్పటికప్పుడు అల్లడం చేతకాక నిజం చెప్పేశాడు.

"మేం తగిలించినవి కావు. కార్లతో వచ్చాయి. పీకితే పెయింట్ పోతుందన్నారు."

వేన్ మెట్టు మీద కూలబడ్డాడు. "ఎదుటి పార్టీ అయితే నీ కోసం ప్రార్థన చేసేవాణ్ణి. ఏ పార్టీ కాకపోతే ఏం చేయాలో మా చర్చిలో చెప్పలేదు. అంటే నీకు సొంతంగా ఏ నమ్మకమూ లేదా?"

ఆ మాటకు రఘువీర్‌కు పౌరుషం వచ్చింది. "ఎందుకు లేవు? మా నాన్న ఏ పార్టీయో నేనూ ఆ పార్టీయే. ఎదుటి పార్టీవాళ్ళ ఇంటికి మేం పిల్లనివ్వం. మా ఇలవేల్పు నరసింహస్వామి, ప్రాణం పోయినా మొక్కు తప్పం. పాటలంటారా, మా వీధి అంతా ఒకే హీరో అభిమానులం. ఆయన సినిమాలోవి కాకపోతే అవి పాటలే కావు. ఈ విషయంలో మా అన్న తల కూడా పగిలింది."

అమెరికా వచ్చాక అతను ఒక్క ఊపులో అంత ఇంగ్లీషు మాట్లాడటం అదే మొదటిసారి.

"ఇవన్నీ ఎప్పుడు నిర్ణయించుకున్నావు?" అడిగాడు వేన్.

"నిర్ణయించుకోవడమేంటి? నేను పుట్టేసరికే ఉన్నాయి."

వేన్ తన ట్రక్కు వైపు చూశాడు. అద్దంలోంచి డాష్‌బోర్డు మీద చర్చి బొమ్మ, ఏనుగు కనిపిస్తున్నాయి.

"మా తాత చర్చి," అన్నాడు. "మా నాన్న పార్టీ. ఈ ట్రక్కూ నాన్నదే. రేడియోలో ఆయన పెట్టిన స్టేషన్ నేను ఇంతవరకు తిప్పలేదు."

లేచాడు. దగ్గరగా ఉన్నది గాడిద కారే కావడంతో దాని డిక్కీ మీదే కాగితాలు పరిచి, మోచెయ్యి చేప పక్కన ఆనించి, సంతకం చేశాడు.

"నువ్వు కనీసం డబ్బిచ్చి కొనుక్కున్నావు, రగ్," అన్నాడు పెన్ను జేబులో పెట్టుకుంటూ. "నాకు ఊరికే వచ్చాయి."

పాఠకులు నవ్వుకుంటున్నట్టున్నారు. తప్పులేదు. పోయిన ఎన్నికల్లో మీ ఓటు ఎవరికి పడిందో మిమ్మల్ని అడగాల్సిన పని లేదు. మీ నాన్నగారిని అడిగితే చెబుతారు.