కేక వినగానే వేసుకోవలసిన మాత్ర

కరెంటు కోతల్ని తిట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట! అవి ఆరోగ్యానికి ఎంత మేలో తెలియని అజ్ఞానులు వాళ్లు.

మా బయామో ఊళ్లో మా అక్క ఎదెల్మిరాకు షుగరుంది. కడుపులో నెమ్మదిగా కరుగుతూ రోజంతా పనిచేసే మాత్ర రాసింది డాక్టరమ్మ. ఖాళీ కడుపున వద్దు, పొద్దున భోజనంతోనే వేసుకోవాలని మరీ మరీ చెప్పింది. పాపం, చదువుకున్న పిల్ల! ఈ ఊళ్లో భోజనం ఎప్పుడో ఎవరు చెప్పగలరు? గ్యాసు రాదు, బొగ్గు దొరకదు. కరెంటుంటే కుక్కర్లో అన్నం, నల్ల చిక్కుళ్లు ఉడుకుతాయి. లేకపోతే అవీ మేమూ కలిసి ఎదురుచూస్తాం.

నెమ్మదిగా కరగడం మాత్రకు ఫ్యాక్టరీలో నేర్పాలి. మాకెవరూ నేర్పక్కర్లేదు, ఏళ్ల తరబడి మేం ఆ పనిలోనే ఉన్నాం!

అక్క ఓ చక్కటి పద్ధతి కనిపెట్టింది. వీధిలో "కరెంటొచ్చింది!" అని కేక వినపడగానే కుక్కరు స్విచ్చి నొక్కుతుంది, మాత్ర గుటుక్కున మింగుతుంది. మా వీధిలో ఆ కేకే భోజనం గంట మరి.

మొన్న పొద్దున కేక వినపడింది. స్విచ్చి, మాత్ర, రెండూ అయ్యాయి. ఎసరు కాగకముందే కరెంటు పోయింది. మాత్రకు మాత్రం కోత లేదు! తన డ్యూటీ తాను చేసుకుపోయింది.

మధ్యాహ్నం దాటేసరికి అక్కకు చెమటలు, వణుకు, మాట తడబాటు. నాకు నిజంగా భయమేసింది. పక్కింటి నెరెయిదా పరుగెత్తుకొచ్చి చక్కెర నీళ్లు తాగించింది.

"అన్నం ఉడక్కుండా మాత్రెందుకు మింగావే?" అని కసిరింది.

"కేకేసింది నువ్వే కదే!" అంది అక్క, కాస్త తేరుకుని.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"భోజనంతో వేసుకోమన్నాను కదా పెద్దమ్మా?"

"మాత్రకు చీటీ రాశావు, టంచనుగా మింగుతున్నాను తల్లీ. ఆ చేత్తోనే భోజనానికీ ఓ చీటీ రాసియ్యి."

డాక్టరమ్మ నవ్వుతుందనుకున్నాను. ఆమె పెన్నుకు మూత పెట్టింది.

"ఆ చీటీ రాయగలిగితే ముందు మా ఇంటికి రాసుకునేదాన్ని పెద్దమ్మా. నిన్నట్నుంచి మా పిల్లలూ కేక కోసమే చూస్తున్నారు."