ఓడలో నాలుగు పడకలు

ఆ శనివారం ఉదయం టైమ్‌టేబుల్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఫోన్ మోగుతుంది. తొమ్మిదీ పదికల్లా ఓడలో గది ఖాయమవుతుంది. సాయంత్రం ఐదింటికి తానూ భార్యా సముద్రం మీద ఉంటారు. సెలవులు మొదలైన రోజు కాబట్టి బడి నుంచి పిలిచేవాళ్ళు కూడా ఉండరు.

ఆ ఫోన్ కోసం ఆయన నాలుగు నెలలుగా కాచుకుని ఉన్నాడు. ఓడ బయలుదేరే రోజు దగ్గరపడేకొద్దీ ఖాళీ గదుల ధర దిగుతుందని ఎక్కడో చదివాడు. దిగింది కూడా. ఇంకా దిగుతుందని ఆగితే రెండుసార్లు గదులే అయిపోయాయి. భార్య ఏమీ అనలేదు. ఆయన భయమంతా దాని గురించే. వాళ్ళమ్మ పోయిన ఈ ఎనిమిది నెలల్లో ఆవిడ దేనికీ ఏమీ అనడం లేదు. కాఫీలో పంచదార మరిచిపోతే అలాగే తాగేస్తుంది. నవ్వు మాట సరేసరి. ఒక్కసారి మాత్రం, అదీ కిటికీ తుడుస్తూ, "ఓడ మీంచి సముద్రం ఎలా ఉంటుందో" అంది. ఈసారి కూడా తాను చేజార్చుకుంటే ఆవిడ ఇంక ఏదీ అడగదని ఆయనకు గట్టి అనుమానం.

ఫోన్ చెప్పిన వేళకే మోగింది.

"సార్, గది ఉంది. పావు ధరకే," అంది బుకింగ్ అమ్మాయి.

"తీసుకున్నాం!"

"పూర్తిగా వినండి సార్. అది నాలుగు పడకల గది. నలుగురుంటేనే ఈ ధర. మూడున్నరకల్లా నలుగురూ గుర్తింపు కార్డులతో రేవు కౌంటర్ దగ్గర కనబడాలి. ఒక్కరు తగ్గినా గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. డబ్బు వెనక్కి రాదు."

"నలుగురం ఉన్నాం," అన్నాడు మాస్టారు. డబ్బు కట్టేశాక గానీ ఇద్దరు తక్కువని లెక్క చూసుకోలేదు.

మనుషుల్ని దొరకబుచ్చుకోవడం ఆయనకు కొత్త కాదు. బడిలో ఎవరు సెలవు పెట్టినా వాళ్ళ పీరియడ్‌కి ఇంకొకరిని పంపే పని ఇరవై రెండేళ్ళుగా ఆయనదే. ఆ పనిలో ఆయన నేర్చుకున్న సూత్రం ఒక్కటే. ఒక్క క్లాసుకి ఒక్కరినే అడిగితే ఆ క్లాసు ఖాళీగా ఉంటుంది. ఇద్దరు ముగ్గురిని అడగాలి. అందులో వెంటనే ఒప్పుకోనివాళ్ళ పేరు కొట్టేసి ముందుకు పోవాలి.

మొదట భార్య అక్కగారికి చేశాడు. ఆవిడ ఒక్కతే ఉంటుంది. తల్లి పోయాక అక్కాచెల్లెళ్ళు కలిసినా మాటలు సగంలోనే ఆగిపోతున్నాయి.

"ఇవాళా? సాయంత్రమా? నాకు మధ్యాహ్నం పన్ను పీకుతారు మరిది గారూ! ఉన్నపళంగా ఓడెక్కమంటే ఎలా? సరే, ఆలోచిస్తాలెండి."

కొట్టేశాడు. తరవాత డ్రాయింగ్ మాస్టారు.

"నేనా! ఓడంటేనే కడుపులో తిప్పుతుంది మాస్టారూ. అదీగాక ఇంట్లో అమ్మ ఒక్కతే. అడిగి చెప్తాను."

అమ్మనడిగి చెప్తానన్న మనిషి యాభై ఏళ్ళవాడు. ఆ పేరూ పోయింది. మిగతావాళ్ళు సెలవులకు ఊళ్ళు పట్టిపోయారు. బడిలో ఇంకెవరూ దొరకనప్పుడు చివరికి హెడ్మిస్ట్రెస్‌కి సందేశం పెట్టడం, ఆవిడే వచ్చి క్లాసు తీసుకోవడం మామూలు. పదకొండు దాటేసరికి ఆయన వేళ్ళు వాటంతటవే ఆ పని చేసేశాయి. "మేడమ్, ఒక మనిషి తక్కువ. మూడింటికి రేవు కౌంటర్ దగ్గరికి రాగలరా? గుర్తింపు కార్డు, మూడు రోజుల బట్టలు." పంపాక గానీ ఏం పంపాడో చూసుకోలేదు. ఆవిడ అప్పటికే చదివేసినట్టు గుర్తు పడింది. జవాబు మాత్రం రాలేదు.

"మనతో ఎవరొస్తున్నారండీ?" అంది భార్య, పెట్టెలో శాలువా సర్దుతూ.

"ఇద్దరు."

"ఇద్దరంటే?"

"అంటే... ఇద్దరు."

ఆవిడ పెట్టె మూసేసింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

రెండు ముప్పావుకి రేవు హాల్లో కూర్చున్నారు. పొడుగాటి కిటికీల అవతల ఓడ తెల్లటి గోడలా నిలబడి ఉంది. ఆవిడ దాన్నే చూస్తోంది. ఆయన గడియారం చూస్తున్నాడు. మూడూ పది. ఉండబట్టలేక, నేల తుడుస్తున్న పెద్దమనిషి దగ్గరికి వెళ్ళాడు.

"మీకు సముద్రమంటే ఇష్టమేనాండీ?"

"రోజూ దీని తడే కదండీ తుడుస్తున్నా," అన్నాడతను, బకెట్ అవతలికి జరుపుకుంటూ.

మూడుంబావుకి తలుపు తోసుకుని అక్కగారు వచ్చింది. బుగ్గ ఒకపక్క వాచి ఉంది.

"పన్ను మూడు రోజులు ఆగుతుందన్నాడు డాక్టరు. చెల్లెక్కడ?"

మాస్టారుకి ఆవిడ కాళ్ళమీద పడాలనిపించింది. ముగ్గురయ్యారు! ఆ వెనకే డ్రాయింగ్ మాస్టారు. నలుగురు! ఆయన చంకలో గొడుగు, చేతిలో ఓ ముసలావిడ.

"అమ్మనడిగాను మాస్టారూ. తనూ వస్తానంది."

"నాకో మూల చాలు నాయనా," అంది ముసలావిడ. "నేనెంత, సగం మనిషిని."

ఐదుగురని లెక్క తేలేలోపే చక్రాల పెట్టె చప్పుడు వినబడింది. హెడ్మిస్ట్రెస్.

"ఎక్కడ తక్కువైంది మాస్టారూ? మీరు పిలిస్తే ఎప్పుడైనా రాకుండా ఉన్నానా?"

మాస్టారు కౌంటర్‌కి పరుగెత్తాడు. ఇంకో గది లేదు. ఓడ నిండిపోయింది.

"ఇంకో మాట సార్," అన్నాడు కౌంటర్ మనిషి. "ఒక గదిలో ఒకే కుటుంబం ఉండాలి. లేదంటే అందరూ ఆడవాళ్ళే, లేదా అందరూ మగవాళ్ళే. పది నిమిషాలే టైముంది."

ఆయన వెనక్కి వచ్చి సంగతంతా చెప్పాడు.

"మరి నన్నెందుకు పిలిచారు?" అంది హెడ్మిస్ట్రెస్.

"ఎవరూ రారనుకుని మేడమ్."

"అంటే, నేను రాననుకుని నన్ను పిలిచారా?"

"నేనూ రాననుకున్నారా మరిది గారూ? పన్ను ఆపుకుని వచ్చాను!"

"నేను ఇంటికి వెళ్ళిపోతా మాస్టారూ," అన్నాడు డ్రాయింగ్ మాస్టారు, కొంచెం ఆశగా.

"వీడు లేకుండా నేనెప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు," అంది ముసలావిడ. ఓడ వంక ఒకసారి చూసింది. "వెళ్తాలే."

మాస్టారు జేబులోంచి కవరు తీసి గళ్ళు గీయడం మొదలుపెట్టాడు. కుటుంబం: తాను, భార్య, వదిన. ఒకరు తక్కువ. మగవాళ్ళు: ఇద్దరు తక్కువ. కొట్టేశాడు. ముసలావిడని పిన్నిగా మార్చాడు. మా పిన్నేనని కేకేస్తే కౌంటర్ మనిషి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ కొట్టేశాడు. ఆరు నిమిషాలు. ఈ గది పోతే తరవాతి ఓడ ఎప్పుడో, భార్య అప్పుడు ఎక్కుతుందో ఎక్కదో.

భార్య వచ్చి కవరు తీసుకుంది. గళ్ళూ కొట్టివేతలూ చూసింది. ఓ మూల గడిలో "మేడమ్ (మిగులు)" అని ఉంది. ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఆయన జేబురుమాలు తీశాడు. ఏడవడం లేదు. నవ్వుతోంది. మొదట చప్పుడు లేకుండా, తరవాత హాలంతా వినబడేలా. అక్కగారు వాచిన బుగ్గ పట్టుకుని, "నవ్వించకే, నొప్పి!" అంటూ తనూ నవ్వింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డారు. నవ్వు ఆగేదాకా వదల్లేదు.

కళ్ళు తుడుచుకుని ఆవిడ కౌంటర్ దగ్గరికి వెళ్ళింది.

"నేను, మా అక్క, పెద్దమ్మగారు, మేడమ్. నలుగురం ఆడవాళ్ళమే. రాసుకోండి."

"మరి నేను?" అన్నాడు మాస్టారు.

"మీరా? మీరు ఆ పెట్టె ఇలా ఇవ్వండి."

"అందులో నా చొక్కాలున్నాయి."

"ఉండనీండి. చలేస్తే అక్క వేసుకుంటుంది."

ఐదింటికి ఓడ కదిలింది. పై అంతస్తులో నలుగురూ రెయిలింగ్ దగ్గర నిలబడి ఒకరి మాట ఒకరు వినకుండా మాట్లాడుకుంటున్నారు. ఆయన భార్య ఏదో చెబుతుంటే మిగతా ముగ్గురూ విరగబడి నవ్వుతున్నారు. ఏం చెబుతోందో ఊహించడం కష్టం కాదు. అయినా గట్టు మీద నిలబడ్డ మాస్టారు, నాలుగు నెలల్లో మొదటిసారి, ఊపిరి పూర్తిగా వదిలాడు. పక్కన డ్రాయింగ్ మాస్టారు గొడుగు ఊపుతూనే ఉన్నాడు.

ఓడ అగ్గిపెట్టెంత అయ్యాక ఆయనకు గుర్తొచ్చింది, ఇంటి తాళంచెవి ఆవిడ చేతిసంచిలో ఉందని.