నలభై ఆటల మొనగాడు

ఆ ఉదయం పెద్ద డ్రైవరు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, టీవీలో బాస్కెట్‌బాల్ ఆట ఒకటి ఆడి కంప్యూటర్ జట్టును చిత్తుగా ఓడించాలి, పదింటికి డిపోకు వెళ్ళి డాక్టరమ్మకు చెయ్యి చూపించి ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. అంతే. ఇరవై ఆరేళ్ళు ఒక్క గీత పడకుండా బస్సు నడిపినవాడికి ఇదో లెక్కా?

చెయ్యి సంగతి ఏమిటంటే, మూడు నెలల క్రితం బస్సు అద్దం తుడుస్తూ మెట్టు జారి ఆయన కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పేసరికి వేళ్ళు కొయ్యబారిపోయి ఉన్నాయి. "రోజూ వేళ్ళకి పని చెప్పాలి. లేకపోతే స్టీరింగ్ మాట మర్చిపోండి" అంది డాక్టరమ్మ. స్టీరింగ్ లేకపోతే ఆయనను వేసేది ఎక్కడో డిపోలో అందరికీ తెలుసు. ప్రయాణికులు మర్చిపోయిన సామాన్ల గదిలో. రిటైరయ్యేదాకా గొడుగులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి.

అప్పుడు కూతురు తన వీడియో గేమ్ తెచ్చి పుట్టింటి టీవీకి తగిలించింది. "దీన్ని కంట్రోలర్ అంటారు నాన్నా. ఈ మీటలు నొక్కుతూ ఉంటే వేళ్ళు అవే వదులవుతాయి. మొదట తెర మీద మీ కంట్రోలర్ బొమ్మ వస్తుంది, దాన్ని జరిపి మీ జట్టు ఎంచుకోండి" అని చెప్పి ఆఫీసుకు పరిగెత్తింది. ఎటు జరపాలో చెప్పలేదు. చెప్పినా ఆయన వినేరకం కాదనుకోండి.

కంప్యూటర్‌కు ఎంత బలం ఉండాలో ఎంచుకోమంటే ఆయన నేరుగా అట్టడుగున ఉన్న 'అతి కఠినం' నొక్కాడు. తన వైపు అన్నిటికన్నా గట్టి జట్టు పెట్టుకున్నాడు. ఆ రోజు మొదలు ఆరు వారాల్లో నలభై ఆటలు ఆడితే ముప్పై ఆరు గెలిచాడు. ఓడిన నాలుగూ రిఫరీ తప్పేనని ఢంకా బజాయించి చెప్పేవాడు. ఆయన ఆడుతుంటే చూడాలి! పళ్ళు బిగబట్టి, సోఫా అంచుకు జరిగి, మీటలన్నీ టకటకా నొక్కుతూ, మలుపులో బస్సు తిప్పినట్టు ఒళ్ళంతా పక్కకు వంచేవాడు.

ఒకరోజు పరామర్శకని వచ్చిన కండక్టర్ ఆ వైభోగం చూసి నోరు వెళ్ళబెట్టాడు. పద్నాలుగేళ్ళుగా ఆయన బస్సులోనే పనిచేస్తున్న మనిషి, ఆయనంటే ప్రాణం.

"గురూ, అతి కఠినమే! మా తమ్ముడు ఏడాదిగా ఆడుతున్నాడు, వాడికి దీంట్లో ఒక్క ఆటా దక్కలేదు!"

"కంగారు పడకూడదోయ్. కంప్యూటర్ అయినా ఎదురు బండే. దాని చూపు ఎటుందో కనిపెట్టాలి" అన్నాడు పెద్ద డ్రైవరు మీసం సవరించుకుంటూ.

కండక్టర్ నోట్లో మాట పడిందంటే ఆఖరి స్టాపు దాకా వెళ్ళాల్సిందే. వారం తిరిగేసరికి డిపో అంతా తెలిసిపోయింది. డిపో మేనేజరు చెవిన పడింది. ఆయన ఊరుకున్నాడా? పక్క డిపో మేనేజరుకు ఫోన్ చేసి, "మా వాడు కట్టు విప్పిన చేత్తో అతి కఠినం కంప్యూటర్‌ని ఓడిస్తాడు. మీ వాళ్ళందర్నీ తీసుకుని సోమవారం రండి, కళ్ళారా చూద్దురు గాని" అని కోతలు కోశాడు. పైగా డాక్టరమ్మకు కూడా కబురు పెట్టాడు. ఆవిడ, "మంచిదే. విడిగా పరీక్షలెందుకు, ఆయన ఆడుతుంటే చెయ్యి అక్కడే చూసేస్తాను" అంది.

ఇదంతా పెద్ద డ్రైవరుకు తెలిసింది ఆ సోమవారం డిపో గేటు దాటాకే. విశ్రాంతి గదిలో పెద్ద టీవీ పెట్టారు. రెండు డిపోల జనం కిటికీలు కూడా వదలకుండా ఎక్కి కూర్చున్నారు. భార్య, కూతురు ముందు వరసలో ఉన్నారు. టీవీ పక్కనే కుర్చీ వేసుకుని, ఒళ్ళో ఫిట్‌నెస్ కాగితం పెట్టుకుని డాక్టరమ్మ కూర్చుంది. ఇంకొకడైతే గుండె జారిపోయేది. ఆయన మాత్రం చొక్కా చేతులు మడిచి, "ఎంత తేడాతో గెలవమంటారు?" అని అడిగాడు.

జట్టు ఎంచుకునే తెర రాగానే డిపో గుమాస్తా చొరవగా కంట్రోలర్ బొమ్మను ఎడమ వైపుకు జరిపి ఆట మొదలుపెట్టేశాడు. "అదేంటయ్యా, అటు తోసేశావ్?" అని పెద్ద డ్రైవరు అంటూనే ఉన్నాడు, బంతి పైకి లేచింది.

ఆయన అలవాటుగా మీటలన్నీ టకటకా నొక్కాడు. అంతే! ఆయన ఆటగాడొకడు బంతి పట్టుకుని గీత దాటి జనంలోకి వెళ్ళిపోయాడు. ఇంకొకడు ఎవరూ లేనిచోట పదేపదే ఎగురుతున్నాడు. మూడోవాడు బంతిని ప్రత్యర్థి చేతిలో మర్యాదగా పెట్టాడు. కంప్యూటర్ జట్టు వచ్చిన బంతిని వచ్చినట్టు బుట్టలో వేసుకుంటూ పోయింది. సగం ఆట ముగిసేసరికి తెర మీద మూడు, ముప్పై తొమ్మిది అని అంకెలు కనబడ్డాయి. పక్క డిపో వాళ్ళు ఈలలు వేశారు. మేనేజరుకు తల కొట్టేసినట్టయింది.

కూతురు పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, ఇంట్లో బొమ్మని ఏ పక్కన పెట్టుకుని ఆడేవారు?"

"ఏ పక్కా కాదు, మధ్యలోనే. బండి స్టార్ట్ చేసేముందు న్యూట్రల్‌లో పెట్టకపోతే ఎలా?"

కూతురు నెత్తి కొట్టుకుంది. "మధ్యలో పెడితే మీరు ఆడుతున్నట్టు కాదు నాన్నా! రెండు జట్లనీ కంప్యూటరే ఆడేసుకుంటుంది!"

"ఆపే మీట నొక్కితే ఆగేదే!"

"ఆగుతుంది. ఆడదు."

భార్య నిదానంగా అంది: "అయితే ఆరు వారాలూ మీరు టీవీ చూశారన్నమాట."

పెద్ద డ్రైవరుకు ఒక్క క్షణం కళ్ళముందు గొడుగులు కనిపించాయి. నల్లవి, పువ్వులవి, పుల్ల విరిగినవి. నిజంగా ఏడుపొచ్చినంత పనయింది. కానీ ఆయన ఆయనే కదా! "చూశానే, ఊరికే చూశానా?" అన్నాడు. "నలభై ఆటలు రెప్పవాల్చకుండా చూశాను. ఆ కంప్యూటర్ గుట్టంతా నాకు తెలుసు. అమ్మా, నాకు రెండే రెండు మీటలు చెప్పు. బంతి అందించేదీ, బుట్టలో వేసేదీ. మిగతావి నాకొద్దు."

రెండో సగం మొదలైంది. కంప్యూటర్ జట్టులో పొడుగోడొకడున్నాడు. బంతి విసురుతున్నట్టు కొంచెం కదిపితే చాలు, గాల్లోకి లేచిపోతాడు. వాడు లేవగానే ఎడమ మూల ఖాళీ. ఈ సంగతి పెద్ద డ్రైవరు నలభై సార్లు చూశాడు. మీట కొద్దిగా తాకించి వదిలాడు. పొడుగోడు ఎగిరాడు. బంతి ఎడమ మూలకు వెళ్ళింది, అక్కణ్ణుంచి బుట్టలోకి వెళ్ళింది. వెనకనుంచి కండక్టర్ అలవాటు ప్రకారం "రైట్ రైట్!" అని అరిచాడు. మళ్ళీ పొడుగోడు, మళ్ళీ ఎడమ మూల, మళ్ళీ "రైట్ రైట్!" కాసేపటికి గదంతా అదే కేక అందుకుంది. చివరికి పక్క డిపో వాళ్ళు కూడా తామెవరి తరఫునో మర్చిపోయారు.

గంట మోగింది. యాభై, యాభై రెండు. ఓడిపోయాడు.

"రెండో సగం నలభై ఏడు, పదమూడు. అంటే గెలిచినట్టే" అని మేనేజరుతో అనేసి, పెద్ద డ్రైవరు డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. ఇక్కడ మాత్రం గొంతు తగ్గింది. "డాక్టరమ్మా, మీతో అబద్ధం చెప్పలేను. నేను గెలిచానని చెప్పుకున్నవేవీ నేను ఆడినవి కావు. నిజంగా ఆడింది ఈ ఒక్కటే, ఇదీ పోయింది. ఆ గొడుగుల గది తాళం ఇప్పించెయ్యండి."

"మీటలు నొక్కారా, లేదా?"

"నొక్కడమా? రంగు పోయేదాకా నొక్కాను."

"మరింకేం? నేను మీకు చెప్పింది నొక్కమని. నెగ్గమని ఎవరు చెప్పారు?" అంటూ ఆవిడ ఆయన మణికట్టును అటూ ఇటూ తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసింది. "నేను మీ చెయ్యే చూస్తూ కూర్చున్నాను. గంట సేపట్లో ఒక్కసారి కూడా తడబడలేదు. ఈ చేత్తో బస్సేం ఖర్మ, లారీ అయినా తిప్పొచ్చు."

పెద్ద డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. భార్య పక్కకు తిరిగి తన కళ్ళూ తుడుచుకుంది. డాక్టరమ్మ కలం మూత తీసి, కాగితం మీద ఆనించి, ఎందుకో ఆగింది. చుట్టూ చూసి గొంతు తగ్గించి, "తెర మీదకీ ఓ కన్నేశాను లెండి. ఆ పొడుగోడు... మీట ఎంతసేపు తాకించాలి? మా ఇంట్లో నెల రోజులుగా నన్ను వాడే ఓడిస్తున్నాడు" అంది.

"ఇలా వచ్చి కూర్చోండి చెబుతాను" అన్నాడు పెద్ద డ్రైవరు, పోయిన ఠీవి అంతా ఒక్కసారిగా తిరిగొచ్చి.

ఆ కాగితం మీద సంతకం సాయంత్రం నాలుగింటికి పడింది. తను ఒక్క ఆటైనా గెలిస్తే గానీ డాక్టరమ్మ మళ్ళీ కలం పట్టనంది.