మస్తాన్ వలీ మార్చిన తాళం

ఆడవాళ్లకు కారు నడిపే లైసెన్సు ఇచ్చినవాళ్ల మీద మస్తాన్ వలీకి కోపం లేదు. వాళ్లెక్కడో ఉంటారు. కోపమంతా తెచ్చుకున్నదాని మీద. ఆమె ఇంట్లోనే ఉంటుంది, తిట్టడానికి అందుబాటులో.

రాయచోటి నుంచి సౌదీలోని అల్ ఖోబర్ వచ్చి పదకొండేళ్లుగా ఏసీలు బాగుచేస్తున్నాడు. కంపెనీ బస్సే ఎక్కించుకుపోతుంది, దింపిపోతుంది. కారు మాత్రం వారానికి ఆరు రోజులు ముసుగుతన్ని బిల్డింగు కింద పడుకుంటుంది. శుక్రవారం నమాజుకు లేచి, సముద్రం చూసొచ్చి, మళ్లీ పడుకుంటుంది.

ఆ కారును భార్య మాబున్నీ అడిగింది. ఇండియన్ స్కూల్లో చిన్నపిల్లలకు టీచరు కావాలట. ఆదివారం పొద్దున ఏడింటికి పోయి పాఠం చెప్పి చూపించాలి. పోతే ఉద్యోగం. పోకుంటే ఇంకొకరికి.

"నీకు కారెందుకే? బస్సులో పో."

"మీ కంపెనీ బస్సు నన్ను ఎక్కించుకుంటాదా?"

"ఎండకు రంగు పోతాదే!"

"ముసుగేసి నీడలో పండబెట్టేదానికి అది కారా, కొత్త పెండ్లికూతురా? నాకు మాత్రం పెండ్లయిన మూడోనాడే చీపురిచ్చినారు."

మాటతో గెలవడం మస్తాన్ వలీకి పద్దెనిమిదేళ్ల కాపురంలో ఒక్కసారీ కుదరలేదు. మాట చేతకానివాడు పన్నాగం పన్నుతాడు. ఇతనూ పన్నాడు.

కారుకు తాళంచెవులు రెండు. ఒకటి తన దగ్గర, ఒకటి ఆమె దగ్గర. ఆమెది లాక్కుంటే ఇల్లు ఎగిరిపోతుంది. అదే, స్టీరింగు పక్కన చెవి దూర్చే తాళాన్నే మార్చేస్తే? ఆమె చెవి ఆమె దగ్గరే ఉంటుంది, తిరగదు. "చెడిపోయింది, నా ఖర్మ" అని నిట్టూరిస్తే చాలు.

వారం రోజులు డ్యూటీ నుంచి రాగానే సోఫాలో పడి ఫోన్లో వీడియో చూశాడు. తాళం లోపల చిన్న ఇత్తడి పలకలుంటాయట. చెవి పళ్లకు అవన్నీ సరిపోతేనే తాళం తిరుగుతుంది. ఒక్కటి అడ్డం పడినా తిరగదు. ఇంత ధర్మం ఇనుప ముక్కకు ఉంది, ఇంట్లో మనిషికి లేదే అని కుళ్లుకున్నాడు.

గ్యారేజీల వీధిలో పాకిస్తానీ కొట్టువాడు రెండు చెవులున్న కొత్త తాళం ఇచ్చాడు. "భాయ్, పురానీ చాబీ భీ దిఖావ్" అని పాత చెవి కూడా చూపించమన్నాడు.

"ముఝే సబ్ మాలూమ్ హై."

అన్నీ తెలిసినవాడికి చెప్పడానికి వాడికేం పట్టింది? డబ్బులు లెక్కపెట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం మాబున్నీ కునుకు తీస్తుంటే పని మొదలైంది. బ్యాటరీ వైరు ఊడదీశాడు. స్టీరింగు కింద మూత విప్పాడు. పాత చెవి పెట్టి ఒక్క మెట్టు తిప్పి, పక్కనున్న కంతలో మేకుతో నొక్కాడు. తాళం పిల్లిలా చేతిలోకి జారింది. కొత్తది దూర్చాడు. టక్కుమంది. బ్యాటరీ వైరు బిగించాడు. పాత తాళం జేబులో పడింది. పాత చెవి సాక్ష్యం కదా, అప్పుడే వచ్చిన చెత్తలారీలోకి విసిరేశాడు.

కొత్త చెవి పెట్టి తిప్పాడు. ఇంజను గర్రుమని లేచింది. లేచినట్టే లేచి చచ్చింది.

మళ్లీ తిప్పాడు. మళ్లీ చచ్చింది. పద్నాలుగుసార్లు చచ్చాక బ్యాటరీ కూడా దానితోపాటు పోయింది.

జనం మూగారు. యెమెనీ వాచ్‌మన్ అడగకుండానే బండ్లు మోసే లారీని పిలిచాడు. అది వచ్చి హారను కొట్టింది. కొట్టీ కొట్టీ, నిద్ర లేవకూడని మనిషిని లేపి కిందికి రప్పించింది.

"ఏమయ్యా, ఏంది ఈ జాతర?"

"బీగం చెడిపోయింది. మన ఖర్మ. రేపు నువ్వు పోలేవులే."

"ఆ జేబులో ఉబ్బుగా ఏముండాది?"

"వక్కలు."

చెయ్యి పెట్టి బయటికి తీసింది. పాత తాళం.

"ఇంత వక్క నమిలితే పండ్లుంటాయా?"

"యా సలాం!" అన్నాడు వాచ్‌మన్. తెలుగు రాకపోయినా వాడికి అర్థమైంది.

మాబున్నీ లారీ డ్రైవరుకు సైగ చేసి, వాడి బ్యాటరీ నుంచి కారుకు వైర్లు తగిలించింది. తన చెవి తలకాయను కొత్త తాళానికి ఆనించి పట్టుకుంది.

"ఇప్పుడు తిప్పు."

ఇంజను లేచింది. ఈసారి చావలేదు.

"ఏం మంత్రమే అది?"

"మంత్రం కాదు. పాత చెవి తలకాయలో చిప్పు ఉంటాది. అది దగ్గర లేకుంటే ఇంజను బతకదు. నీ చెవి యాడ?"

"చెత్తలారీలో..."

"అయితే ఇంక నాదొక్కటే."

"నీకెవరు చెప్పినారే ఇదంతా?" మస్తాన్ వలీకి ఒళ్లు మండిపోయింది.

"వారం నుంచి ఆ వీడియో పెట్టి సగంలోనే గురక పెడతాంటివి. మిగిలిన సగం ఎవరు చూసినారనుకున్యావు? చిప్పు సంగతి ఆఖర్న చెప్పినాడు."

"తెలిసి కూడా ఊరుకుంటివా? ఇది న్యాయమా?"

"పాత బీగం అరిగి నా చెవి పట్టుకుంటాండె. ఎవరన్నా మారిస్తే బాగుండు అనుకుంటి. శానా బాగా మార్చినావు."

అతని చేతిలోని కొత్త చెవులు రెండూ తీసుకుని తన చెవితో కలిపి ఒకే రింగుకు గుచ్చింది. స్టీరింగు ముందు కూర్చుంది.

"బడిదాకా ఒకసారి దోవ చూసుకోవాల. వస్తే ఎక్కు. అటుపక్క."

ఇంత అన్యాయం లోకంలో ఎక్కడైనా ఉందా అనుకుంటూ మస్తాన్ వలీ చుట్టూ తిరిగి అటుపక్కకు పోయాడు. పిడి పట్టి లాగాడు. తలుపు రాలేదు. అందరూ చూస్తుండగా అద్దం మీద వేలితో తట్టాడు.

మాబున్నీ సీటు ముందుకు జరుపుకుంది. వెనక చూసే అద్దం సరిచేసుకుంది. బెల్టు పెట్టుకుంది. ఆ తర్వాత లోపలి నుంచి తలుపు తీసింది.