గిరిజ ఏ రాష్ట్ర వాసి?

ఏ రాష్ట్రంలో వేసిన మూడు ముళ్లయినా అమెరికాలోని యాభై రాష్ట్రాలలోనూ చెల్లుతాయి. వాటిని విప్పుకోవలసి వస్తే మాత్రం, ఏదో ఒక రాష్ట్రంలో తగినంత కాలం నివసించి ఉండాలి. ఈ దేశపు వివాహ వ్యవస్థ ఔన్నత్యమంతా ఈ ఒక్క నియమంలో ఉన్నది. (తొందరపడి పెళ్లాడవచ్చును. తొందరపడి విడిపోవడం మర్యాద కాదు.)

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండే గిరిజ ఈ ఔన్నత్యాన్ని స్వయంగా పరీక్షించింది. ఆమె భర్త శ్రీహర్ష కాంట్రాక్టు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. భార్యతో మాట్లాడడం మానేసి రెండేళ్లయినా, ఆమె ఫోన్‌ను మాత్రం రోజూ శ్రద్ధగా చదివేవాడు. అంతకుముందు వేరే రాష్ట్రంలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండగా ఆమె విడాకుల గురించి విచారిస్తే ఆరు నెలలు నిండాలన్నారు. ఐదో నెలలో అతనికి న్యూజెర్సీలో ప్రాజెక్టు వచ్చింది. ఇక్కడ ఏడాది నిండాలి. పదకొండో నెలలో మరో రాష్ట్రంలో ప్రాజెక్టు వచ్చింది. (ఫోన్ చదివే భర్తలకు ప్రాజెక్టులు వేళకు దొరుకుతాయి.)

ఖర్చు లేని మార్గం కోసం గిరిజా నేనూ ఇక్కడి మన తెలుగు సంఘంవారి దాంపత్య సమన్వయ ఉపసంఘాన్ని ఆశ్రయించాము. అధ్యక్షులు కృష్ణమూర్తిగారు ఓపికగా విని, నిబంధన ప్రకారం భార్య ఫిర్యాదుపై భర్త సంతకం కూడా ఉండాలని తెలియజేశారు. సంతకం పెట్టేంత సఖ్యత ఉంటే సగం సమస్య తీరినట్లేనని ధైర్యం కూడా చెప్పారు.

ఖర్చుతో కూడిన మార్గం పేరు నిధి. ఇక్కడే పుట్టి పెరిగిన లాయరు. ఆమె గంట ఫీజు గిరిజ నెల సంపాదనను మించినది. (భార్యగా వచ్చిన వీసా గిరిజను ఉద్యోగం చేయనివ్వదు కనుక ఈ పోలికకు లెక్కలు అక్కరలేదు.) విడాకుల తీర్పు రాగానే ఆ వీసా కూడా పోతుంది. అందుచేత కేసు తానే వేసి, భరణం అడిగి, ఈలోగా కాలేజీలో చేరి చదువు వీసాకు మారాలని గిరిజ ఆశ.

"అయితే ఇంకో వన్ మంత్ ఇక్కడే ఉండాలి ఆంటీ," అన్నది నిధి నాతో. "అతని వెనకాల వెళ్తే మళ్లీ జీరో నుంచి స్టార్ట్."

"లీజ్ ఆయన పేరు మీదుంది. ఎక్కడుండను?" అన్నది గిరిజ.

మా ఇంట్లో ఉన్నది. ఏడాది నిండిన ఉదయం కోర్టుకు బయలుదేరుతుండగా టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి శ్రీహర్ష వేసిన విడాకుల కాగితాలు వచ్చాయి. ఆ రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు కనుక, అతడు ఏళ్ల తరబడి అక్కడి స్నేహితుని చిరునామానే తన ఇల్లుగా చూపుతున్నాడట. ఆ ఇంట్లో అతడు గడిపినవి రెండు రాత్రులు. కాగితం మీద శాశ్వత నివాసి. ముందు దాఖలు చేసినవాడు కనుక విచారణ కూడా అక్కడే. గిరిజ కోరుకున్నదే జరిగినందుకు ఉపసంఘం హర్షం వెలిబుచ్చింది.

తీర్పు మే నెలలో వచ్చింది. కాలేజీలో సీటు ఆగస్టుకు.

దేశం విడిచి వెళ్లడానికి కనీసం ఎంతకాలం నివసించి ఉండాలని గిరిజ నిధిని అడిగింది. అటువంటి నియమమేదీ లేదట.