నేరం సూర్యుడిది

సూర్యుడు అప్పుడప్పుడూ పేలడం మన సినిమా పరిశ్రమకి ఎంతో మంచిదని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి!

పోయిన నెల సూర్యుడి మీద పెద్ద విస్ఫోటనం జరిగి, ఆ దెబ్బకి కెనడాలో ఒక రాష్ట్రమంతా కరెంటు పోయిందని పేపర్లో చదివే ఉంటారు. పాపం, కెనడావాళ్లు కొవ్వొత్తులు వెలిగించుకుని ఊరుకున్నారు. దాన్ని వాడుకోవడం తెలిసినవాళ్లు మాత్రం మన ఫిల్మ్ నగర్‌లోనే ఉన్నారు.

మా ఇంట్లో ఫోన్ మూగబోయి చాలా రోజులైంది. ఇదివరకైతే లైన్‌మన్‌ని తిట్టుకునేవాణ్ణి. సౌర తుఫాను వల్లేనని ఆయనే చెప్పాక మనసు కుదుటపడింది. జూబ్లీ హిల్స్ నుంచి పొద్దున్నే షేక్‌పేట సెట్‌కి రావలసిన హీరోగారు భోజనాలవేళకి దిగారు. భూమి అయస్కాంత క్షేత్రం చెదిరి కారు దారి తప్పిందట! డైరెక్టరు దగ్గరుండి భోజనం వడ్డించారు. సైన్సుతో ఎవరు వాదిస్తారు?

అసలు సూర్యుడికంటే మంచి ముద్దాయి దొరుకుతాడా? యూనియన్ లేదు. ప్రెస్ మీట్ పెట్టడు. అలిగి షూటింగ్ ఎగ్గొట్టడు.

ఇక డబ్బింగ్ చెప్పే లీలాకుమారి సంగతి. మొన్న విడుదలైన సినిమాలో హీరోయిన్‌కి తెలుగు రాదు. మొదటి మాట నుంచి చివరి ఏడుపు దాకా గొంతు లీలాకుమారిది. ఈసారి టైటిల్స్‌లో పేరు వేస్తానని నిర్మాత త్రినాథరావుగారు మాటిచ్చారు. ఆ పేరు చూడ్డానికే వాళ్లమ్మ శేషారత్నంగారు తెనాలిలో రైలెక్కి వచ్చారు. క్యాటరింగ్‌వాళ్ల పేర్లు వచ్చాయి. హీరోగారి మేకప్‌మన్ బావమరిది పేరూ వచ్చింది. లీలాకుమారి పేరు రాలేదు.

మర్నాడు లీలాకుమారి వెళ్లి అడిగితే త్రినాథరావుగారు ఆకాశంలోకి చూపించారు. సూర్యుడి ప్రభావానికి నెగెటివ్‌లో ఆమె పేరున్న ఆ ఒక్క కార్డూ చెడిపోయిందట.

“అంతమంది పేర్లుండగా సూర్యుడికి నా పేరే దొరికిందాండీ?” అందా అమ్మాయి.

“సూర్యుడితో మనం పోట్లాడగలమా తల్లీ?” అన్నారాయన.

నేనూ అదే చెప్పాను. ఈ పేలుళ్లు పదకొండేళ్లకోసారి ఎక్కువవుతాయట, కాస్త ఓపిక పట్టమన్నాను. మరి అంతకుముందు ఆ అమ్మాయి గొంతిచ్చిన సినిమాల్లోనూ పేరు లేదు కదా, అప్పుడు సూర్యుడు చల్లగానే ఉన్నాడు కదా అంటారా? చదువుకున్న పాఠకులతో ఇదే చిక్కు!

శేషారత్నంగారికి మాత్రం సైన్సు తెలియదు. ఆ రోజు హాల్లో, క్లైమాక్స్‌లో హీరోయిన్ ఏడుస్తుంటే ఆవిడకీ ఏడుపొచ్చింది. పక్కసీటావిడతో కాస్త గట్టిగానే, “ఇది మా అమ్మాయి గొంతండీ” అన్నారు.

ముందు వరసలోని పెద్దమనిషి వెనక్కి తిరిగాడు.

“జర సప్పుడు చెయ్యకమ్మా. హీరోయిన్ ఏం మాట్లాడుతున్నదో ఇననియ్యి.”