ముళ్ళపందుల సంస్కృతి పరిరక్షణ

ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కోచ్ గ్రేడీ హాల్‌కోంబ్ మీద తమకు సంపూర్ణ విశ్వాసం ఉందని కాల్వర్ స్టేట్ యూనివర్సిటీ అధ్యక్షులు డాక్టర్ పేస్ సోమవారం ఉదయం ఒక ప్రకటన విడుదల చేశారు. చదివినవాళ్ళందరికీ విషయం అర్థమైంది. మధ్యాహ్నానికల్లా ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంట్లు ఇద్దరు కోచ్‌గారి తలుపు సందులో తమ కార్డులు దోపి వెళ్ళారు. ఆయన కూతురి పుట్టినరోజు కేకు ఈ ఊళ్ళోనే కావాలా, లేక ఆ పాటికి వెళ్ళిపోతారా అని బేకరీవాళ్ళు ఎంతో మర్యాదగా ఫోన్ చేసి కనుక్కున్నారు. టెన్నెసీ కొండల్లోని ఆ ఊరి చరిత్రలో సంపూర్ణ విశ్వాసం ప్రకటించిన తర్వాత వారం దాటి ఉద్యోగంలో ఉన్న కోచ్ లేడు.

ఈ విశ్వాసం దానంతట అది పుట్టలేదు. దాని వెనక ప్రజల కృషి ఉంది. ఆ ప్రజల్లో ముఖ్యుడు, బైపాస్ మలుపులో టైర్ల కొట్టు నడిపే వెర్లన్ స్టబుల్‌ఫీల్డ్. ఆయన ఆ యూనివర్సిటీలో చదవలేదు. ఫుట్‌బాల్ ఆడలేదు. కాబట్టి ఆయన అభిప్రాయాలు నిష్పాక్షికమైనవని ఊళ్ళో మంచి పేరు.

ఆ ఏడు యూనివర్సిటీ జట్టు ముళ్ళపందులు పన్నెండు ఆటలు ఆడి ఎనిమిది గెలిచారు. తెలియనివాళ్ళు దీన్ని విజయం అనుకునే ప్రమాదం ఉంది. ఓడిన నాలుగింటిలో ఒకటి పక్క జిల్లాలోని లిన్‌ఫోర్డ్ జట్టు నీటికుక్కల చేతిలో. అంటే అది ఓటమి కాదు, సంస్కృతి పతనం.

సోమవారం సాయంత్రం స్థానిక రేడియోలో స్కిప్ అనే పెద్దమనిషి నడిపే చర్చా కార్యక్రమానికి వెర్లన్ యథాప్రకారం ఫోన్ చేశాడు.

"చూడు స్కిప్, గెలుపోటములు పట్టించుకునే మనిషిని కాను నేను. నా బాధంతా కల్చర్ గురించి. మన జట్టుకి కల్చర్ లేదు."

"కల్చర్ అంటే ఏమిటంటావ్ వెర్లన్?"

"ఉంటే తెలిసిపోద్ది. లేకపోతే ఎనిమిదే గెలుస్తాం."

ఈ నిర్వచనం రేడియో చరిత్రలోనే ఇంత స్పష్టంగా ఎవరూ ఇవ్వలేదని స్కిప్ మెచ్చుకున్నాడు. ఆ తర్వాత సాక్ష్యాలు వెల్లువెత్తాయి. మన కుర్రాడొకడు అవతలి జట్టువాణ్ణి పడగొట్టాక చెయ్యిచ్చి లేపాడని, తన కళ్ళతో చూశానని, ఇంక ఆ జట్టులో క్రమశిక్షణ ఏముంటుందని ఒక రిటైర్డ్ పళ్ళ డాక్టరు వాపోయాడు. లిన్‌ఫోర్డ్ చేతిలో ఓడిన మర్నాడు కోచ్‌గారు బజార్లో ఏమీ జరగనట్టు పాలకూర కొంటున్నారని ఒకావిడ బయటపెట్టింది. ఇంతకు ముందున్న కోచ్ కాలంలో పిల్లలు ఆయన్ని చూస్తే వణికిపోయేవారని ఇంకొకరు ఆప్యాయంగా గుర్తుచేసుకున్నారు. పిల్లల్ని వణికించి సంస్కృతిని నాశనం చేస్తున్నాడని ఆ కోచ్‌ని సాగనంపింది కూడా ఈ కార్యక్రమమే. నాయకత్వం వహించింది కూడా వెర్లనే.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చేసరికి ఆయన భార్య ఆర్లీన్ మొక్కజొన్న రొట్టె కోస్తోంది.

"ఇంట్లో కూర్చుని నీ మాటలు గోడలోంచి ఒకసారి, రేడియోలోంచి ఒకసారి విన్నాను," అంది. "ఒకటి అడుగుతాను చెప్పు. హాల్‌కోంబ్ పోతే కోల్టన్ ఏమవుతాడు?"

కోల్టన్ వాళ్ళ అల్లుడు. బంతి పట్టుకున్నవాణ్ణి కాపాడటానికి ముందు వరసలో నిలబడే భారీకాయులకు శిక్షణ ఇచ్చే సహాయ కోచ్, అంటే లైన్ కోచ్. పెద్ద కోచ్ పోతే సహాయకులందరూ ఆయన వెంటే పోవడం ఆ దేశంలో ఆనవాయితీ. ఈ సంగతి వెర్లన్‌కి తెలియనిది కాదు. దాన్నీ, తన ఉద్యమాన్నీ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదంతే.

"కోల్టన్‌ని ఎవరు తీస్తారు? వాడికి కల్చర్ ఉంది."

"ఉందని ఎవరికి తెలుసు?"

"నేను చెప్తానుగా."

"నువ్వు చెబితే ఊడటం వరకే చూశాను ఇప్పటిదాకా. ఉండటం చూళ్ళేదు," అని ఆర్లీన్ రొట్టె ముక్క ఆయన కంచంలో వేసింది.

కోల్టన్, కూతురు మార్లీస్, నాలుగేళ్ళ మనవరాలు డెలా రెండు వీధుల అవతల ఉంటారు. రోజూ మధ్యాహ్నం డెలాని బడి నుంచి కొట్టుకి తీసుకొచ్చేది వెర్లనే. ఆ పిల్ల ట్రాక్టర్ టైర్ల దొంతరలో దిగి కూర్చుని, అది తన కోట అని, లోపలికి రావాలంటే తాత కప్పలా అరవాలని శాసించేది. వచ్చినవాళ్ళ ముందు వెర్లన్ కప్పలా అరిచేవాడు. ముళ్ళపందులు ఓడిన రోజున కూడా అరిచేవాడు. దీన్ని బట్టి ఆ పిల్ల స్థానం ఏమిటో పాఠకులు గ్రహించగలరు.

బుధవారం సంపూర్ణ విశ్వాసం పరిపక్వమై కోచ్‌గారిని తొలగించారు. ఒప్పందం ప్రకారం ఆయన మరో నాలుగేళ్ళు ఏ పనీ చేయకుండా ఉన్నందుకు పూర్తి జీతం అందుకుంటారు. అదే వారం పొదుపు చర్యల్లో భాగంగా సంగీత విభాగాన్ని మూసేశారు. దాని గురించి రేడియోకి ఎవరూ ఫోన్ చేయలేదు.

గురువారం రాత్రి భోజనాల దగ్గర కోల్టన్ మెల్లగా చెప్పాడు. "లిన్‌ఫోర్డ్ వాళ్ళు పిలిచారు సార్. ఇదే పని. రేపు సాయంత్రంలోగా చెప్పమన్నారు."

వెర్లన్ ఫోర్కు కింద పెట్టాడు. "నీటికుక్కలా?"

"నలభై మైళ్ళే నాన్నా," అంది మార్లీస్. "ఇల్లు మారక్కర్లేదు. డెలా బడి మారక్కర్లేదు."

"వాళ్ళ ఊదా రంగు చొక్కా వేసుకోవాలమ్మా."

"డెలాకి ఊదా రంగంటే ఇష్టం."

"అది పసిపిల్ల. దానికేం తెలుసు?" అని వెర్లన్ లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. "కొంచెం ఆగండి. కొత్తాయన వచ్చి కోల్టన్‌ని ఉంచుకోవచ్చు. నేను కనుక్కుంటాను."

కనుక్కోవడం ఎలాగో ఆయనకి తెలుసు. కోచ్ వేట మొదలైందంటే ఆ ఊరివాళ్ళు ఎవరి మాటా నమ్మరు, విమానాల్ని నమ్ముతారు. దేశంలో ఏ ప్రైవేటు విమానం ఎక్కడ లేచి ఎక్కడ దిగుతోందో ఫోన్లో చూస్తూ ఉంటారు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు, ఆపరేషన్లు, అంత్యక్రియలు ఆ ఫోన్ పక్కన పెట్టుకునే జరుగుతాయి. కాన్సస్‌లో లేచిన ఒక చిన్న విమానం ముక్కు కాల్వర్ వైపు తిరిగిందని శుక్రవారం ఉదయం పళ్ళ డాక్టరు కనిపెట్టాడు. అది దిగేసరికి విమానాశ్రయం కంచె బయట జట్టు గోధుమరంగు టోపీలు పెట్టుకున్న జనం, బాకాలు, ఒక ముళ్ళపంది వేషం సిద్ధంగా ఉన్నాయి.

విమానంలోంచి ఆరడుగుల పైచిలుకు మనిషి దిగాడు. ఎండకి కాలిన ముఖం, బురద అంటిన బూట్లు. ఆ దవడ చూడగానే జనంలో సంస్కృతి మీద ఆశ చిగురించింది.

"ఏమిటండీ ఈ గోల?" అన్నాడాయన. "నేను ఆర్విల్ నట్సన్‌ని. పశువుల డాక్టర్ని. టాటమ్‌గారి ఎద్దుని చూడ్డానికొచ్చాను. ఆయన పొలం ఎటు?"

జనం ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. టాటమ్‌గారు జట్టుకి అందరికన్నా ఎక్కువ విరాళమిచ్చే ధనవంతుడు. కోచ్‌లందరితో రహస్యంగా మాట్లాడేది ఆయన పొలంలోనే. ఇక ఉద్యోగానికి వచ్చిన కోచ్ ఎవడైనా ఉద్యోగానికి వచ్చానని ఒప్పుకున్నాడా? పోయినసారి ఒకాయన చేపలు పట్టడానికొచ్చానన్నాడు. ఆ ముందాయన పిన్నిగారిని చూడ్డానికన్నాడు. ఎద్దు అన్నవాడు మాత్రం ఇతనే మొదటివాడు. వీడెవడో గట్టివాడని అందరూ ఏకాభిప్రాయానికి వచ్చారు.

టాటమ్‌గారి మనిషి రావడం ఆలస్యమైతే వెర్లన్ ముందుకొచ్చి తన ట్రక్కు తలుపు తీశాడు.

"సార్, మీరెందుకొచ్చారో నాకు తెలుసు," అన్నాడు బండి రోడ్డెక్కాక. "నా నోటినుంచి బయటికి పోదు."

"పోతే పోనివ్వండి. దానికి మూడ్రోజులుగా ఆకలి లేదట."

వెర్లన్ మెచ్చుకోలుగా తలాడించాడు. "కల్చర్ మీద మీ అభిప్రాయం ఏమిటి సార్?"

"దేని మీద?"

వెర్లన్‌కి కళ్ళు చెమర్చాయి. సంస్కృతి గురించి మాట్లాడేవాళ్ళని వందమందిని చూశాడు. ఆ మాటే తెలియనంతగా జీర్ణించుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు. ఇంక తటపటాయించలేదు.

"మా అల్లుడు కోల్టన్ అని ఇక్కడే పనిచేస్తున్నాడు సార్. మంచి కుర్రాడు. వాడికి నాలుగేళ్ళ పాప ఉంది. కొత్తాయన వస్తే పాతవాళ్ళని తీసేస్తారని ఇంట్లో బెంగపడుతున్నారు. మీలాంటివాళ్ళు ఏమంటారు?"

నట్సన్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించాడు. ఎవరో ఏమిటో తెలియకపోయినా ఎదుటి మనిషి బెంగ నిజమైనదని ఆయనకి అర్థమైంది.

"పని తెలిసినవాణ్ణి తెలివున్నవాడెవడైనా తీసేస్తాడా అండీ? ఇరవై ఏళ్ళుగా నా దగ్గర ఒకడే ఉన్నాడు. వాడు పోతే నా చెయ్యి విరిగినట్టే."

టాటమ్‌గారి గేటు దగ్గర ఆయన్ని దింపి, ట్రక్కు అక్కడే ఆపి వెర్లన్ కూతురికి ఫోన్ చేశాడు. ఆమె ఫోన్ కోల్టన్‌కి ఇచ్చింది.

"లిన్‌ఫోర్డ్ వాళ్ళకి వద్దని చెప్పేయ్. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు."

"నిజమేనా సార్? ఎవరన్నారు?"

"ఎవరనాలో ఆయనే. నా బండిలో, నా పక్కన కూర్చుని అన్నాడు."

కోల్టన్ బుద్ధిమంతుడు, పెద్దల మాట మీద గౌరవం ఉన్నవాడు. లిన్‌ఫోర్డ్‌కి ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పి వద్దన్నాడు. వాళ్ళు సాయంత్రానికి ఇంకొకర్ని పెట్టుకున్నారు. ఆ పూట వెర్లన్ కొట్లో కప్ప అరుపులు బైపాస్ దాకా వినిపించాయి.

శనివారం ఉదయం యూనివర్సిటీ కొత్త కోచ్ పేరు ప్రకటించింది. రస్టన్ కీఫ్, జార్జియావాసి. విమానంలో రాలేదు. భార్యతో, రెండు కుక్కలతో కారులో వచ్చి, ఊళ్ళో ఒక రోజంతా తిరిగి, వెర్లన్ కొట్లోనే టైరుకి గాలి పట్టించుకుని వెళ్ళాడు. ఆయన తనతోపాటు సహాయకులందర్నీ తెచ్చుకున్నాడు. సంస్కృతి మార్పు కింది స్థాయి నుంచి మొదలవ్వాలని ప్రకటనలో ఉంది. టాటమ్‌గారి ఎద్దు కోలుకుంది.

ఆ రోజు ఆర్లీన్ రొట్టె ముక్క తన కంచంలో మాత్రమే వేసుకుంది. ఇంటికి కూతురొచ్చి అడిగింది.

"నాన్నా, ఆయన పశువుల డాక్టరని ఆయనే చెప్పాడట కదా?"

"చెప్పాడమ్మా. అందుకే నమ్మలేదు."

ఆ సమయానికి దేశంలో ఖాళీగా మిగిలిన లైన్ కోచ్ ఉద్యోగం ఒకటే దొరికింది. మోంటానాలో, కారులో మూడు రోజుల దూరంలో. సామాను ఎక్కించడం, కొత్త కోచ్ పరిచయ సభ ఒకే రోజున పడ్డాయి.

"మొదలవగానే చూసి వచ్చేస్తాను," అని వెర్లన్ వెళ్ళాడు.

సభ ఘనంగా మొదలైంది. డాక్టర్ పేస్ మైకు ముందుకొచ్చి, సంగీత విభాగం లేకపోయినా బ్యాండు ఏర్పాటు చేసిన దాతల్ని పేరుపేరునా ప్రశంసించారు. "మనం కొన్నది కోచ్‌ని కాదు, ఒక విలువల వ్యవస్థని," అన్నారు. తర్వాత కీఫ్ లేచాడు. "చాలామంది నన్ను అడుగుతున్నారు, నీ కల్చర్ ఏమిటని. ఒక్క ముక్కలో చెప్తాను. కుటుంబం. నాకు కుటుంబం ముందు, ఫుట్‌బాల్ తర్వాత." సభ మొత్తం లేచి నిలబడింది. పళ్ళ డాక్టరు ఏడ్చాడు. వెర్లన్ మొదటి వరసలో, జేబులో ఫోన్ మోగుతుండగా, అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాడు. ప్రశ్నలు కూడా అయ్యాక బయల్దేరాడు.

వెళ్ళేసరికి లారీ మలుపు తిరిగింది. కారు కదలబోతోంది. వెనక సీట్లోంచి డెలా కిటికీ దించింది.

"తాతా, మోంటానా నీ కొట్టు దగ్గరేనా?"

"కొంచెం అవతల, తల్లీ."

"నన్ను బడి నుంచి నువ్వే తీసుకొస్తావుగా?"

మార్లీస్ కిటికీ ఎక్కించింది. వెర్లన్ నడివీధిలో నిలబడి కప్పలా అరిచాడు. కారు అద్దం మూసి ఉంది. ఎదురింటివాళ్ళు మాత్రం విన్నారు.

"సభ బాగా జరిగిందా?" అని ఆర్లీన్ అడిగింది. ఆయన జవాబు చెప్పకముందే ఇంటివైపు నడిచింది.

పది రోజుల్లో కోల్టన్ వాళ్ళు ఖాళీ చేసిన ఇంట్లోకి కొత్త లైన్ కోచ్ కుటుంబం దిగింది. ఊరి మర్యాద ప్రకారం వెర్లన్ పెకాన్ గింజల కేకు పట్టుకుని వెళ్ళాడు. కోచ్ ఆఫీసుకి వెళ్ళాడు. ఆయన భార్య, సన్నటి మనిషి, హాల్లో పెట్టెల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఒక పెట్టె విప్పుతోంది. లోపల పిల్లల బొమ్మలు.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ," అంటూ కేకు అందుకుంది. "ఇదిగో, మిమ్మల్నే అడగాలి. ఈ ఊళ్ళో జనం ఎలాంటివాళ్ళండీ?"

"బంగారంలాంటివాళ్ళమ్మా," అన్నాడు వెర్లన్, మనస్ఫూర్తిగా. "మేం కోచ్‌ల్ని పరాయివాళ్ళుగా చూడం. మా ఇంట్లో మనుషుల్లా చూసుకుంటాం."

ఆమెకిది ఆరో ఊరు. వెనకటి అయిదు ఊళ్ళలోనూ కేకు తెచ్చినవాళ్ళు ఈ మాటే అన్నారు. ఆమె చిరునవ్వుతో తలూపి, పక్కనున్న టేపు తీసుకుని, విప్పిన పెట్టెని మళ్ళీ మూసి గట్టిగా అతికించింది.

"కాస్త సాయం పడతారా అండీ?" అంది. "దీన్ని గుమ్మం దగ్గరే ఉంచుదాం."